‘గంటలో విజయవాడ’ అని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు చిన్న టికెట్ల షాపు ఉంది. బస్సు, రైలు, విమానం ఏదైనా బుక్ చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నన్ను అందరూ అడిగేది రెండే ప్రశ్నలు, ఎంత దూరం, ఎన్ని గంటలు. ఈ మధ్య అడగడం కూడా మానేసి వాళ్లే నాకు చెబుతున్నారు. ఫోన్‌లో చూశాం అంటారు, పేపర్లో వచ్చింది కదా అంటారు. మీ పేపర్‌తో సహా అన్ని పేపర్లూ కొత్త సర్వీసు ఏది మొదలైనా ‘ఇక గంటలో విజయవాడ’, ‘గంటంపావులో వైజాగ్’ అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. ఆ గంట విమానానిది సార్, మనిషిది కాదు. ఈ ముక్క చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా ఇంటి సంగతి చెబుతాను. మా బావమరిది విజయవాడ భవానీపురంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఎప్పుడూ బస్సే ఎక్కేవాళ్లం. ఈసారి మా ఆవిడ అడ్డం తిరిగింది. ‘ఊళ్లో వాళ్లందరికీ టికెట్లు కోసిచ్చే మనిషి, నన్ను ఒక్కసారైనా విమానం ఎక్కించారా’ అంది. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి, సరే అన్నాను. 10:05 ఫ్లైటు. పొద్దున 7:15కి ఇంట్లోంచి బయల్దేరాం. సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట దాటి ఆరాంఘర్ దగ్గర చిక్కుకుపోయి శంషాబాద్ చేరేసరికి 8:25. బ్యాగు వేసి, సెక్యూరిటీలో బెల్టు విప్పి, మళ్లీ పెట్టుకుని, గేటు దగ్గర కూర్చున్నాక ఫ్లైటు లేటు అన్నారు. గంటా నలభై నిమిషాలు. ఏ ఎయిర్‌లైనో చెప్పను, రోజూ వాళ్ల టికెట్లు అమ్ముకునే వాణ్ణి. మంచినీళ్లన్నా ఇప్పించండి అంటే కౌంటర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా ‘సార్, రెండు గంటలు దాటితేనే’ అంది. అదీ నిజమే, రూలు అలాగే ఉంది. రెండున్నర గంటల్లోపు ప్రయాణమున్న ఫ్లైటుకి లేటు రెండు గంటలు దాటితేనే తిండీ నీళ్లూ ఇవ్వాలి. ఆ రూలు నేనే ఎంతమంది కస్టమర్లకు చెప్పానో, గేటు దగ్గర కూర్చుని వింటే కానీ దాని రుచి తెలియలేదు.

చివరికి 11:45కి కదిలింది. గన్నవరంలో దిగి బ్యాగు తీసుకుని బయటికొచ్చేసరికి ఒంటి గంట దాటింది. ఇక్కడే అసలు తమాషా. విజయవాడకు గన్నవరం తూర్పున ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది. భవానీపురం ఏమో పడమర కొసన, మన హైదరాబాద్ రోడ్డు ఊళ్లోకి వచ్చే చోట ఉంది. అంటే విమానంలో ఆ ఊరు దాటేసి అవతల దిగి, ఆటోనగర్, బెంజ్ సర్కిల్ అన్నీ చూసుకుంటూ ఊరంతా అడ్డంగా కోసుకుని వెనక్కి వచ్చాం. ఇంటి ముందు క్యాబ్ దిగేసరికి 2:15. ఎల్బీనగర్ నుంచి 7:30కి కారులో బయల్దేరిన మా తోడల్లుడు సూర్యాపేటలో ఆగి ఇడ్లీ తిని, టీ తాగి, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్‌గేట్లూ దాటి 12:45కే వచ్చేశాడట. మేం వెళ్లేసరికి రెండో బంతిలో భోజనం చేసి, పంచె మార్చుకుని, మడత మంచం మీద పడుకుని ఉన్నాడు. ‘ఏం బావా, విమానం పంక్చరయ్యిందా’ అన్నాడు. ఈ మాట మా చుట్టాల్లో ఇంకో పదేళ్లు నడుస్తుంది.

సరే, లేటు పక్కన పెట్టి లెక్క వేద్దాం, నేను పక్షపాతంగా మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఫ్లైటు టైంకే వెళ్లి ఉంటే 11:10కి గన్నవరం, 11:30కి బ్యాగు, 12:40కి ఇల్లు. మొత్తం ఐదు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మా తోడల్లుడికి పట్టింది ఐదుంపావు, అదీ ఇడ్లీతో కలిపి. సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కినా నాలుగు గంటల్లో విజయవాడ స్టేషన్‌లో దింపుతుంది, స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది. మరి ‘గంటలో విజయవాడ’ ఎక్కడుంది సార్?

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాల్లో దూరం సుమారు 265 కిలోమీటర్లు. రోడ్డు మీద హైదరాబాద్, విజయవాడ మధ్య దూరం 270 పైచిలుకు. దాదాపు ఒకటే. అంటే ఈ రూటులో విమానానికి దూరం కలిసిరాదు, వేగం ఒక్కటే కలిసిరావాలి. ఇక్కడ తిరిగే వాటిలో చాలావరకు ఫ్యాన్ రెక్కల్లాంటివి తిరిగే ఏటీఆర్ విమానాలు. అవి గంటకు 500 కిలోమీటర్ల లెక్కన పోతాయి, పెద్ద జెట్‌లు 800, 850 లెక్కన. ఏదైనా సరే, పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ పట్టే టైం పడుతూనే ఉంటుంది, మధ్యలో ఆ వేగం చూపించుకోవడానికి దానికి దారే ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టికెట్ మీద వేసే టైం ఎగిరే టైం కాదు. 10:05 అంటే 10:05కి రన్‌వే వదిలి లేస్తుందని కాదు, గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన దిమ్మెలు తీసి వెనక్కి నెట్టే టైం. చేరే టైం అంటే అవతల ఊళ్లో మళ్లీ నిలబెట్టి దిమ్మెలు పెట్టే టైం. దీన్ని మా వాళ్లు బ్లాక్ టైం అంటారు. విజయవాడకు బ్లాక్ టైం గంటో, గంటా ఐదో, గంటా పదో వేస్తారు, అందులో గాల్లో ఉండేది ముప్పావు గంట అటూ ఇటూ. ఎయిర్‌లైన్లు ఈ బ్లాక్ టైంని కొంచెం వదులుగానే కుట్టిస్తాయి, పిల్లల స్కూలు యూనిఫాం లాగా. పదిహేను నిమిషాల్లోపు లేటయితే లెక్కల్లో అది టైంకి వచ్చినట్టే. కుట్టు అంత వదులు కాబట్టే ఒక్కోసారి ‘మనం పది నిమిషాలు ముందుగానే చేరుకున్నాం’ అని మైకులో చెప్పి మురిసిపోతారు, జనం కూడా మురిసిపోతారు.

ఈ బ్లాక్ టైం ఉత్త మాట కాదు, దీనితో డబ్బు లెక్క ముడిపడి ఉంది, మీరు మీ పేపర్లో బాక్సు కట్టి వేయాల్సిందే ఇది. ఎయిర్‌లైన్ తన కారణంగా ముందు చెప్పకుండా ఫ్లైటు రద్దు చేస్తే, రీఫండో వేరే ఫ్లైటో ఇవ్వడమే కాకుండా పరిహారం కూడా ఇవ్వాలని విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ రూలు. బ్లాక్ టైం గంట లోపు ఉంటే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, రెండు దాటితే 10,000. లేదా బేసిక్ ఫేర్ మీద ఇంధన చార్జీ కలిపితే ఎంతవుతుందో అది, రెండిట్లో ఏది తక్కువైతే అది. వర్షం, పొగమంచు లాంటివి ఎయిర్‌లైన్ చేతిలో లేనివి కాబట్టి వాటికి వర్తించదు. టికెట్ మీద గంట అని ఉందా, గంటా ఐదు నిమిషాలని ఉందా అన్న దాన్ని బట్టి స్లాబే మారిపోతుంది. నా దగ్గరికొచ్చే వంద మందిలో ఒక్కరు కూడా ఇది అడగలేదు ఇన్నేళ్లలో. కిటికీ సీటు మాత్రం అందరూ అడుగుతారు.

దూరానికీ టైంకీ పొత్తు కుదరదని చెప్పడానికి ముంబై, ఢిల్లీ చాలు. హైదరాబాద్ నుంచి ముంబై గాల్లో 620 కిలోమీటర్లు, ఢిల్లీ 1,260. దాదాపు రెట్టింపు. కానీ ముంబైకి టికెట్ మీద గంటన్నర ఉంటే ఢిల్లీకి మూడు గంటలు ఉండదు, రెండుంపావు ఉంటుంది. కారణం ఇందాక చెప్పిందే, ఎక్కడం దిగడం రెండింటికీ ఒకటే, మధ్యలో సాగే దారి ఢిల్లీకి ఎక్కువ. దానికి తోడు ముంబైలో రెండు రన్‌వేలున్నా అవి కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఒకసారికి ఒకటే వాడాలి. రద్దీ టైంలో సముద్రం చూపిస్తూ గాల్లోనే చక్కర్లు కొట్టిస్తారు. పైసా ఎక్కువ తీసుకోకుండా.

ఇక దుబాయ్ సంగతి. ఇది నాకు బాగా దగ్గరి విషయం, ఎందుకంటే మా సొంతూరు జగిత్యాల వైపు. ఆ దిక్కు నుంచి గల్ఫ్ పోయే పిల్లలకు ఇప్పటికీ ఫోన్ మీద నేనే టికెట్లు చేస్తాను. మొన్న మెట్‌పల్లి నుంచి ఒక పెద్దమ్మ మనవణ్ణి తోడు తీసుకుని కొడుకు టికెట్ కాగితం పట్టుకుని షాపుకే వచ్చింది. పోయే టికెట్ మీద రాత్రి 10 గంటలకు శంషాబాద్‌లో లేస్తే 12:30కి దుబాయ్‌లో దిగినట్టు ఉంది. వచ్చే టికెట్ మీద ఐదు గంటల తేడా ఉంది. మనవడు చదివి చెప్పాడు ఆమెకు. ఆమె నన్ను అడిగింది, ‘పోయేటప్పుడు రెండున్నర గంటల్నే దింపుతడు, వచ్చేటప్పుడు ఐదు గంటలెందుకు పడ్తది బిడ్డా? నా కొడుకును ఆడ తొందరగ దించి, ఈడికి నిమ్మలంగ తెస్తరా?’ నాకు నవ్వూ వచ్చింది, నోట మాటా రాలేదు.

టికెట్ మీద ఎక్కే టైం ఎక్కే ఊరి గడియారం ప్రకారం, దిగే టైం దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు పోవడం నాలుగు గంటలు, రావడం మూడున్నర. ఇంకా ఒక అరగంట తేడా మిగిలిందా? అది గాలిది. మన పైన బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది, చలికాలంలో మరీ జోరుగా. పడమరకు పోయే విమానం ఎదురు ఈదాలి, తూర్పుకొచ్చేది ఆ వాలున కొట్టుకొస్తుంది. 2,550 కిలోమీటర్ల దూరం అటు ఇటు ఒకటే, గంటలే వేరు. ఇదంతా కాగితం ముక్క మీద రెండు గడియారాలు గీసి చూపించాను. ‘అట్లనా, వచ్చేటప్పుడే తొందరగ వస్తడన్నట్టు’ అని ఆ కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది.

అసలు ఆమె కొడుక్కి ఎక్కువ టైం పట్టేది విమానంలో కాదు. మెట్‌పల్లి నుంచి శంషాబాద్ రావడానికి బండి మాట్లాడుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కి, దారిలో ఒకచోట ఆగి తిని వచ్చేసరికి ఐదు గంటలు దాటుతుంది. ఇంటర్నేషనల్ ఫ్లైటు కాబట్టి మూడు గంటల ముందే లోపల ఉండాలి. అరేబియా సముద్రం దాటే టైం కంటే సొంత జిల్లా నుంచి రన్‌వే దాకా వచ్చే టైం రెట్టింపు. ఏ వెబ్‌సైట్లోనూ ఈ దూరం ఉండదు.

గాల్లో దూరం అనే లెక్క ఎంత పని చేస్తుందో వరంగల్ వాళ్లను అడగండి. 2008లో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు, దానికి ముందే చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు పెట్టుకున్నారు, 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ల దాకా ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదని. నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు గాల్లో దాదాపు 145 కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్ల దగ్గర చిక్కుకుంది. శంషాబాద్ నడిపే సంస్థ అభ్యంతరం లేదన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. హన్మకొండలో ఉండేవాడు శంషాబాద్‌కు రావాలంటే ఉప్పల్ దాకా హైవే, అక్కడి నుంచి సిటీలోనో ఔటర్ మీదనో ఇంకో గంట. ఆయన కాలు పెట్టే దూరం ఒకటి, ఒప్పందం కొలిచిన దూరం ఇంకొకటి.

విమానం దండగ అని నా అభిప్రాయం కాదు, అలా అంటే నా షాపు నేనే మూసుకోవాలి. వైజాగ్‌కు కళ్లు మూసుకుని ఫ్లైటే ఎక్కమంటాను. గాల్లో 510 కిలోమీటర్లు, రోడ్డు మీద 600 దాటుతుంది, బస్సులో రాత్రంతా నడుము విరగాలి. పైగా అక్కడ ఎయిర్‌పోర్టు ఊరిని అంటుకునే ఉంది. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు మారితే మాత్రం ఇంకో 45 కిలోమీటర్లు కలపాలి. కడపకూ అంతే. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే కడప, హైదరాబాద్ మధ్య విమానం తిరిగింది, గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి అని చెప్పిన రోజులు. గాల్లో 300 కిలోమీటర్లు, రోడ్డు 400 పైన. అక్కడ ఆ తేడా మనిషికి నిజంగా మిగులుతుంది.

తిరుపతి మాత్రం జాగ్రత్త. 420 కిలోమీటర్లు, గంటంపావు, అంతా బాగానే ఉంటుంది. కానీ దిగేది రేణిగుంటలో. అక్కడి నుంచి తిరుపతి, అలిపిరిలో బండి దించి సామాన్లు చెక్ చేయించడం, ఘాట్ రోడ్డు, కొండ మీద గది, స్నానం. మా కస్టమర్ ఒకాయన నాతో చెప్పకుండా పది గంటల మూడు వందల రూపాయల దర్శనానికి ఎనిమిదింటికి దిగే ఫ్లైటు పెట్టుకున్నాడు. రెండు గంటలు చాలదా అని. ఆ పది గంటలకు ఆయన ఇంకా ఘాట్ రోడ్డు మలుపుల్లో గోవిందా గోవిందా అంటున్నాడు. మరుసటి రోజు వచ్చి ‘మీరన్నా చెప్పాల్సింది’ అని నన్నే అన్నాడు.

ఇంకో చిన్న ముచ్చట. ఎదురింటి పిల్లాడు, ఏడో తరగతి, నా షాపులో గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి గీత గీసి, 2021 జనవరిలో మన మహిళా పైలట్లు ఆ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా ఎందుకు తెచ్చారు అంకుల్, చుట్టు కదా అన్నాడు. గ్లోబు తెప్పించి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగమన్నాను. దారం జారి జారి దానంతటదే పైకి, ధ్రువం పక్కకు పోయింది. 14,000 కిలోమీటర్లు అని వెబ్‌సైట్లు చూపించేది ఆ దారం పొడవు. విమానం మాత్రం దారం మీద నడవదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి లండన్ వెళ్లే మనవాళ్ల ఫ్లైట్లు దక్షిణంగా చుట్టు తిరిగాయి, అదే రూటులో విదేశీ ఎయిర్‌లైన్ టికెట్ మీద గంటలు తక్కువ. ఇద్దరికీ దూరం అని రాసేది ఒకటే అంకె.

నేను మిమ్మల్ని కోరేది చిన్నది. కొత్త సర్వీసు వార్త వేసినప్పుడు కిలోమీటర్లు గాల్లోవా రోడ్డువా రాయండి. టికెట్ టైం ఏ ఊరి గడియారమో రాయండి, ముఖ్యంగా గల్ఫ్ సర్వీసులకు. దిగే ఎయిర్‌పోర్టు ఊరికి ఏ పక్క ఉంది, ఎంత దూరం, రాత్రి బస్సు ఉంటుందా రాయండి. దేశీయ ఫ్లైట్లకు చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు, గేటు ఇరవై అయిదు నిమిషాల ముందు మూస్తారని ఒక లైను వేయండి. నాగోలు నుంచి శంషాబాద్‌కు మెట్రో ఎప్పుడొస్తే అప్పుడు నేనే మళ్లీ రాస్తాను, అంతవరకు మా వైపు వాళ్లకు ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు, ఆరాంఘర్ జామ్, ఇవీ విమాన ప్రయాణంలో భాగమే.

ఇదంతా రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి చదివింది. ‘అన్నీ రాశారు, కృష్ణ సంగతి రాయలేదే’ అంది. ఏటీఆర్‌కు రెక్కలు పైన ఉంటాయి కదా, ఆవిడ కిటికీలోంచి కింద నదీ ఇసుక తిన్నెలూ స్పష్టంగా కనిపించాయి. దిగేదాకా ముక్కు అద్దానికి ఆనించి అలాగే కూర్చుంది. గంటా నలభై నిమిషాల లేటు ఆవిడకి గుర్తే లేదు. వచ్చే నెల మళ్లీ సీమంతం ఉంది విజయవాడలో. నేను కారు అంటున్నాను, ఆవిడ ఎడమ వైపు కిటికీ సీటు అంటోంది.

ఇట్లు
మీ పాఠకుడు, టికెట్ల షాపు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్